క్లోమం వాపుకి పసరు మందులు, ఇంటి చిట్కాలు: ఎవరికైనా నిజంగా పనిచేశాయా?

గోదారి_గట్టు
మా తమ్ముడికి 29 ఏళ్లు, పెద్దాపురంలో చిన్న షాపు. పోయిన ఏడాది ఒకసారి, మళ్లీ ఈ సంక్రాంతి వెళ్లాక ఇంకోసారి కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరాడు. బొడ్డు పైన మొదలై వీపులోకి పొడుచుకుపోయేదట. వెల్లకిలా పడుకోలేడు, ముందుకి వంగి కూర్చుంటే కాస్త నయం. రక్తంలో లైపేజ్ (కొవ్వుని అరిగించే క్లోమం ఎంజైము) విపరీతంగా ఉందన్నారు, సీటీలో క్లోమం వాచిందన్నారు. రెండోసారి తీసిన స్కాన్‌లో క్లోమం నాళంలో రాళ్లు కూడా కనబడ్డాయి. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, మనిషి సగమైపోయాడు.

అసలు గొడవ ఇంటికొచ్చాకే మొదలైంది. అందరూ డాక్టర్లే. అమ్మేమో ఏలేశ్వరం అవతల ఎవరో పసరు పోస్తారు, మూడు ఆదివారాలు పోయిస్తే చాలంటుంది. పిన్ని రోజూ పొద్దున్నే నేల ఉసిరి రసం అంటుంది. బాబాయి వాట్సాప్‌లో కాకర రసం, గోధుమ గడ్డి, తిప్పతీగ కషాయం, పచ్చి పసుపు, అన్నీ కలిపి ఒక జాబితా పంపాడు, కింద "పది మందికి పంపండి" అని కూడా ఉంది. డాక్టరు గారిని అడిగితే "అవేవీ వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకు వద్దో చెప్పే తీరిక ఆయనకి లేదు.

మీలో ఎవరైనా ఇది పడ్డవాళ్లుంటే చెప్పండి. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది ప్రమాదం?

వేపపుల్ల
నేల ఉసిరి వాడండి, భయం లేదు. సమూలంగా పీకి, కడిగి, నూరి, ఉసిరికాయంత ముద్ద పరగడుపున మజ్జిగలో. మా తాతల నాటి మందు. మద్రాసులో దాని మీద పరిశోధన కూడా చేశారు, 1988లో పెద్ద ఇంగ్లీషు వైద్య పత్రికలో వచ్చింది. ఆకు మందంటే మనవాళ్లకే చులకన.

పాలమూరు_పోరడు
ముందుగాల ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు అన్నా. తమ్ముడు తాగుతడా? ఇంట్ల చెప్పకపోవచ్చు. మా దోస్తు గిట్లనే "నాకేం అలవాటు లేదు" అన్నడు, డాక్టరు వాళ్లమ్మను బయటికి పంపి అడిగితె అప్పుడు చెప్పిండు లెక్క.

గోదారి_గట్టు
లేదు భయ్యా, పక్కా. వాడికి సోడా కూడా ఘాటే. డాక్టర్లు కూడా పక్కకి పిలిచి అడిగారు, అదే చెప్పాడు.

ల్యాబ్_తెల్లకోటు
నేను డాక్టర్ని కాదు, ల్యాబ్‌లో పనిచేస్తా. కానీ చెట్టు మందు సంగతికి ముందు కారణం ఏంటో తేలిందా లేదా అన్నది ముఖ్యం.

మన దగ్గర ఎక్కువగా కనబడేవి రెండు: మద్యం, పిత్తాశయంలో రాళ్లు. ఆ రాయి జారి కిందికొచ్చి క్లోమం నాళం కలిసే చోట అడ్డం పడితే వాపు వస్తుంది. ఆ తర్వాత ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు. ఇవి 1000 దాటితే ప్రమాదం. అలాంటి రక్తం కాసేపు ట్యూబులో పెడితే పైన తేరే సీరమ్ పాలలా తెల్లగా ఉంటుంది, చూస్తే నమ్మలేరు. రక్తంలో కాల్షియం ఎక్కువైనా వస్తుంది. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రొయేట్ లాంటి కొన్ని మందుల వల్లా వస్తుంది. తమ్ముడికి ఇవన్నీ చూశారా?

క్లోమం చేసే పని రెండు రకాలు. ఒకటి ఇన్సులిన్. రెండోది తిన్నది అరిగించే ఎంజైములు. అవి పేగులోకి వెళ్లాకే పదునెక్కాలి. లోపలే పదునెక్కితే క్లోమం తనని తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. అందుకే ఆ నొప్పి అలా ఉంటుంది. లోపల అది జరుగుతున్నప్పుడు ఏ ఆకు రసమూ దాన్ని ఆపలేదు. ఆసుపత్రిలో కూడా దాన్ని ఆపే ప్రత్యేకమైన మందు లేదు. సెలైన్, నొప్పికి మందు, వీలైనంత త్వరగా మళ్లీ తిండి మొదలుపెట్టడం, కారణం వెతికి సరిచేయడం. అంతే.

కడప_కారం
మందే లేదని మీరే అంటున్నారు. మరి ఆకు మందు తాగితే తప్పేముంది? బిల్లు కట్టేదానికి మాత్రం ఆసుపత్రి కావాల్నా?

ల్యాబ్_తెల్లకోటు
@కడప_కారం మందు లేకపోవడం వేరు, వైద్యం లేకపోవడం వేరు అన్నా. ఈ వాపు వచ్చిన పది మందిలో సుమారు ఎనిమిది మందికి తేలిగ్గానే వస్తుంది, వారంలో సర్దుకుంటుంది. ఆ ఎనిమిది మందిలో ఎవరు పసరు తాగినా పేరు పసరుకే వస్తుంది. మిగతా ఇద్దరికి కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. మొదటి రోజు ఎవరు ఏ లెక్కలోకి వస్తారో పైకి చూసి చెప్పలేం. ఆసుపత్రి అవసరం అక్కడ.

వేపపుల్ల
వచ్చేశారు ఇంగ్లీషు మందు ఏజెంట్లు. పది రోజుల సెలైన్‌కి మా బావమరిది పొలం కుదువ పెట్టాడు. ఇంటికి పంపేటప్పుడు ఏం తినాలో ఒక్కరూ చెప్పలేదు. "ఆయిల్ ఫుడ్ వద్దు" అన్నారంతే. నాటు వైద్యుడు కనీసం అరగంట కూర్చోబెట్టి పథ్యం చెబుతాడు.

ఫార్మసీ_పద్మ
ఆ చివరి మాట మాత్రం నిజం. పథ్యం చెప్పే ఓపిక మనవాళ్లకి లేదు. ఖర్చు సంగతికొస్తే, ప్రభుత్వ ఆరోగ్య పథకం ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు ఉంటారు. చేరిన రోజే కార్డు తీసుకెళ్లి ఆయన్ని కలవండి, బిల్లు వేశాక కాదు.

నెల్లూరు_రొయ్య
రాళ్ల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. మా వదిన యూట్యూబ్‌లో చూసి రాత్రి ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి గ్లాసుడు తాగింది. పొద్దున్నే పచ్చగా గోళీల్లాంటివి పడ్డాయి. "చూడండి రాళ్లన్నీ పడిపోయాయి" అని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. పొద్దున్నే టిఫిన్ తింటున్నవాళ్ల గతి ఆలోచించండి.

ఫార్మసీ_పద్మ
@నెల్లూరు_రొయ్య అవి రాళ్లు కావు, సబ్బు. తాగిన నూనె కడుపులో అరిగి, నిమ్మరసంతో కలిసి అలా ముద్ద కడుతుంది. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇలాంటి "రాళ్లని" పరీక్షించి రాశారు: కొలెస్ట్రాల్ లేదు, కాల్షియం లేదు, నూనె సబ్బు ముద్దలే. మీ వదినకి మళ్లీ స్కాన్ తీస్తే అసలు రాళ్లు అక్కడే ఉంటాయి. పైగా గ్లాసుడు నూనె ఒక్కసారి తాగితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుని నిజం రాయిని నాళంలోకి నెట్టొచ్చు. ఇంకెవరూ చేయకండి.

నెల్లూరు_రొయ్య
స్కాన్ తీయించాం అక్కా. అక్కడే ఉన్నాయి. ఫొటో మాత్రం గ్రూప్‌లోంచి ఇంకా తీయలేదు.

పాలమూరు_పోరడు
మా దిక్కు ఈత కల్లు తాగితె రాళ్లు కరుగుతయంటరు. కిడ్నీలయా, పిత్తాశయంలయా, క్లోమంలయా, కల్లుకు తేడా లేదు. అన్ని రాళ్లకు ఒకటే మందు 😄

ల్యాబ్_తెల్లకోటు
@పాలమూరు_పోరడు అదొక్కటి మాత్రం పొరపాటున కూడా వద్దు. క్లోమానికి కల్లయినా సారాయయినా మద్యమే.

సుధ_బీఏఎంఎస్
నేను ఆయుర్వేదం చదివి ప్రాక్టీస్ చేస్తున్నా, నా మాట కూడా వినండి. రెండు వైపులా తిట్లు పడతాయని తెలుసు.

తీవ్రమైన నొప్పి, వాంతులు, జ్వరం ఉంటే నా దగ్గరికొచ్చినా నేను ఆసుపత్రికే పంపిస్తా. ఆ సమయంలో కషాయం పోయడం వైద్యం కాదు. నొప్పి తగ్గి ఇంటికొచ్చాక అరుగుదల మందగించినవాళ్లకి మేం చెప్పేది గ్రహణికి (అరుగుదల చెడే జబ్బుకి) చెప్పే పథ్యమే: వెన్న తీసిన పల్చటి మజ్జిగ, అందులో వేయించిన జీలకర్ర, చిటికెడు శొంఠి, సైంధవ లవణం. పాత బియ్యం జావ. పెసరకట్టు. ఇవి క్లోమాన్ని బాగుచేస్తాయని నేను అనను. తినగలిగేలా చేస్తాయి, ఒంట్లో సత్తువ నిలబెడతాయి. చిక్కిపోయిన మనిషికి అది చిన్న విషయం కాదు.

నేల ఉసిరి గురించి @వేపపుల్ల గారు చెప్పిన 1988 పరిశోధన నిజమే. కానీ అది హెపటైటిస్ బి మీద, అంటే కాలేయం. ఆ తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. క్లోమానికీ దానికీ సంబంధమే లేదు.

తిప్పతీగ విషయంలో జాగ్రత్త. కరోనా రోజుల్లో ఇంటింటా కాచుకు తాగారు. ముంబయి డాక్టర్లు 2021లో అది వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాడింది అసలు తిప్పతీగేనా అని వాదించింది. ఆ వాదన ఎటు తేలినా, ఇప్పటికే జబ్బుపడ్డ మనిషి మీద ప్రయోగం చేయాల్సిన పని లేదు.

భస్మాల సంగతి ఇంకా గట్టిగా చెబుతా. పసరులో ఏం కలిపాడో తెలియకుండా తాగొద్దు. సీసం, పాదరసం ఉన్న పొడులు ఊళ్లలో తిరుగుతున్నాయి. సీసం ఒంట్లో పేరుకుంటే వచ్చేది కూడా కడుపునొప్పే. అప్పుడు ఏ నొప్పి దేనివల్లో తేల్చడానికి ప్రాణం పోతుంది.

వేపపుల్ల
మీ కాలేజీల్లో ఆయుర్వేదం నేర్పుతున్నారో, ఆయుర్వేదం వద్దని నేర్పుతున్నారో తెలియట్లేదు మేడం. ఉత్తరాఖండ్‌లో రాగి, పాదరసం, గంధకంతో చేసిన మందుతో ఈ క్లోమం జబ్బుకే వైద్యం చేస్తున్నారు. దేశమంతా వెళ్తున్నారు. దానికేమంటారు?

సుధ_బీఏఎంఎస్
ఆ మందు గురించి తెలుసు. వాళ్లు తమ రోగుల వివరాలు రాసి ప్రచురించారు కూడా, దాచిపెట్టలేదు, అది మెచ్చుకోవాల్సిందే. అయితే అక్కడ మందుతో పాటు మద్యం, పొగ మాన్పించి, కట్టుదిట్టమైన తిండి, విశ్రాంతి పెడతారు. నొప్పి తగ్గింది పాదరసం వల్లా, పథ్యం వల్లా అన్నది విడదీసి చూపాలంటే మందు ఇచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూడాలి. అలా తేలేదాకా నేను రాయను. మీరు వెళ్తానంటే ఆపను, కానీ కిడ్నీ పరీక్షలు చేయించుకుంటూ ఉండమంటా.

టెక్సాస్_రాజు
ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో పసుపు క్యాప్సూళ్లు మిరియాల సారం కలిపి అమ్ముతున్నారు. కూరలో పసుపు వేరు, ఇవి వేరు. మిరియం కలిస్తే ఒంట్లోకి ఎన్నో రెట్లు ఎక్కువ ఎక్కుతుంది. అవి వాడి కాలేయం వాచినవాళ్ల కేసులు అమెరికాలో బాగానే నమోదయ్యాయి. పప్పులో వేసుకోండి, డబ్బాలో కొనకండి.

ఇంకో సంగతి. విటమిన్ సి, ఇ, సెలీనియం, మెథియోనిన్ లాంటివి కలిపి ఇస్తే దీర్ఘకాలిక క్లోమం నొప్పి తగ్గిందని ఢిల్లీ ఎయిమ్స్‌వాళ్లు 2009లో చూపించారు, 127 మంది మీద చేశారు. 2012లో ఇంగ్లండ్‌లో అలాంటిదే చేస్తే తేడా కనబడలేదు. ఢిల్లీలో ఎక్కువమంది తమ్ముడిలాంటి కుర్రాళ్లు, కారణం తెలియనివాళ్లు. ఇంగ్లండ్‌లో ఎక్కువమంది తాగుడువాళ్లు. అందుకే తేడా అని కొందరంటారు. ఒకసారి డాక్టర్ని అడగొచ్చు, ఇది పిచ్చి ప్రశ్నేం కాదు.

గోదారి_గట్టు
ఇన్ని విషయాలు తెలుస్తాయనుకోలేదు. @ల్యాబ్_తెల్లకోటు పిత్తాశయంలో రాళ్లు లేవు, ట్రైగ్లిజరైడ్లు మామూలే, కాల్షియం మామూలే. "కారణం తెలియదు" అని రాశారు కాగితం మీద. అమ్మకి ఆ ముక్క దగ్గరే అనుమానం మొదలైంది. కర్రపెండలం వల్ల అని ఎవరో అన్నారట. మా వైపు పొలాలన్నీ కర్రపెండలమే, సగ్గుబియ్యం మిల్లులు కూడా ఊరి చుట్టూనే. చిన్నప్పటి నుంచి ఉడకబెట్టుకు తింటూనే ఉన్నాం. నిజమా?

సుధ_బీఏఎంఎస్
ఆ మాట కేరళ నుంచి వచ్చింది. అక్కడ చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు, తర్వాత షుగరు వచ్చినవాళ్లు చాలామంది కనబడేవారు. పేదవాళ్లు, కప్ప అని వాళ్లు పిలిచే కర్రపెండలమే తిండి. దానిలో సయనైడ్ ఇచ్చే పదార్థం ఉంటుంది, మాంసకృత్తులు సరిపోక ఒళ్లు దాన్ని విరవలేకపోతోందని అనుకున్నారు. కానీ కర్రపెండలం ముట్టనివాళ్లకీ ఈ జబ్బు వస్తోంది, రోజూ తినే ఆఫ్రికా దేశాల్లో చాలాచోట్ల అంతగా లేదు. ఇప్పుడు ఆ వాదనకి బలం తగ్గిపోయింది.

ల్యాబ్_తెల్లకోటు
దీనికి మన హైదరాబాదే జవాబు చెప్పింది సగం. సీసీఎంబీ పరిశోధన సంస్థవాళ్లు 2002లో ప్రచురించారు. ఇలా రాళ్లు కట్టే క్లోమం జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి స్పింక్1 అనే జన్యువులో తేడా ఉంది. ఎంజైము లోపలే పదునెక్కకుండా కళ్లెం వేసే ప్రోటీన్‌ని తయారుచేసేది ఆ జన్యువే. ఆ తేడా ఉన్న అందరికీ జబ్బు రాదు, ఉన్నంత మాత్రాన తమ్ముడి తప్పూ కాదు, మీ అమ్మ వంట తప్పూ కాదు. ఆమెకి ఇది చెప్పండి.

గోదారి_గట్టు
చెప్పా. "మా వైపు ఎవరికీ లేదు, మీ నాన్న వైపే అయ్యుంటుంది" అంది.

కడప_కారం
😂😂 అమ్మ గెలిచింది, ఇంక మూసేయండి చర్చ.

మానేరు_వాగు
నవ్వుల నడిమిట్ల ఇది రాస్తున్నందుకు ఏమనుకోకండ్రి. పసరు మాట వచ్చింది గనక రాయాలె.

మా మామయ్యకు కళ్లు పచ్చబడ్డయి. నొప్పి లేదు, జ్వరం లేదు. ఊళ్లె అందరు కామెర్లే అన్నరు. కామెర్లకు డాక్టరు దగ్గర మందు లేదు, పసరే మందు అని మా దగ్గర చిన్న పిల్లలకు గూడ తెలుసు. పసరు పోసిండ్రు, ముంజేతి మీద వాతలు పెట్టిండ్రు, ఉప్పు కారం లేని పథ్యం పెట్టిండ్రు. ఒళ్లంత దురద, రాత్రి నిద్ర లేదు. మూత్రం టీ డికాక్షన్ లెక్క, దొడ్డికి పోతె సున్నం లెక్క తెల్లగ. వాతలకు పచ్చదనం దిగుతదని ఇంకో చోటికి తీస్కపోయి ఇంకోసారి పెట్టించిండ్రు. ఎప్పుడు షుగరు లేని మనిషికి అదే ఏడు షుగరు వచ్చింది, బట్టలు వదులైనయి. పథ్యం వల్ల సన్నబడ్డడు అనుకున్నరు.

నెలలు గడిచినంక స్కాన్ తీస్తె క్లోమం తలకాయ కాడ గడ్డ. పిత్తం వచ్చే నాళాన్ని నొక్కుతుంది, అందుకే పచ్చబడ్డడు. పక్కన రక్తనాళానికి పాకింది, ఆపరేషన్ అయితలేదు అన్నరు. నాళంల గొట్టం పెడితె దురద తగ్గింది, బువ్వ తిన్నడు కొన్ని దినాలు. ముందే వస్తె ఆపరేషన్ అయ్యేదో కాదో నేను చెప్పలేను. గాని అడిగేటందుకు గూడ మాకు టైం లేకుండ పోయింది.

నొప్పి లేని కామెర్లు, దురద, తెల్ల దొడ్డి, ఈ మూడు కలిస్తె పసరు కాడికి పోకుండ్రి. ముందుగాల స్కాన్.

పాలమూరు_పోరడు
అన్నా… మనసు కరాబైంది. మా ఊళ్లె గూడ ఇదే వాతల ఆచారం. రేపే మా పెద్దమ్మ తోటి మాట్లాడుత.

ల్యాబ్_తెల్లకోటు
@మానేరు_వాగు గారు రాసింది ప్రతి ఊళ్లోనూ చదివి వినిపించాలి. మామూలు వైరస్ కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పసరు పేరు అలా నిలబడింది. అడ్డం పడి వచ్చే కామెర్లు తగ్గవు. బిలిరుబిన్ (కళ్లు పచ్చబడేలా చేసే పదార్థం) పరీక్షలో ఏ రకం పెరిగిందో, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎంతుందో చూస్తే అనుమానం అప్పుడే వస్తుంది. ఏభై దాటాక కొత్తగా షుగరు వచ్చి, బరువు కూడా తగ్గుతుంటే అదీ ఒక హెచ్చరికే.

వేపపుల్ల
@మానేరు_వాగు బాధగా ఉంది సోదరా. వాతలు పెట్టేవాళ్లని నేనెప్పుడూ సమర్థించలేదు. అది వైద్యం కాదు.

అమ్మమ్మ_వంటిల్లు
మా ఆయనకి ఈ జబ్బు ఏళ్ల తరబడి ఉంది, ఆకు మందుల సంగతి నాకు తెలియదు కానీ వంట సంగతి చెప్పగలను. ఆసుపత్రిలో "నూనె మానేయండి" అంటే మొదట్లో పూర్తిగా మానేశాం. మనిషి పుల్లలా తయారయ్యాడు. తర్వాత ఒక డైటీషియన్ అమ్మాయి తిట్టింది: అరుగుదల ఎంజైముల క్యాప్సూల్ వేసుకుంటూ కొంచెం కొంచెం నూనె తినాలి, లేకపోతే ఎ, డి, ఇ, కె విటమిన్లు అందవు, ఎముకలు గుల్లబారతాయి అంది.

మేం చేసేది ఇది. మూడు పూటల భోజనం కాదు, ఆరు చిన్న పూటలు. పొద్దున్న రాగి జావ, మజ్జిగ కలిపి. ఇడ్లీకి కొబ్బరి చట్నీ బదులు పల్చని పెసరపప్పు సాంబారు. బీరకాయ, సొర, పొట్ల, కూరంతా ఆవిరి మీద మగ్గించి పోపు ఒక చెంచా నూనెతో. గుడ్డు తెల్లసొన, చెరువు చేప పులుసు, తోలు తీసిన కోడి. మీగడ తీసిన పాల పెరుగు. వేపుళ్లు, జంతికలు, బిర్యానీ, మటన్ బొత్తిగా లేవు. ఒక పూట ఎక్కువ తినేయడం, ఒక పూట ఎండబెట్టడం అసలు పనికిరాదు. ఉపవాసం ఆయన బదులు నేనే ఉంటున్నా.

మలం జిడ్డుగా, నీళ్లలో తేలుతూ, ఫ్లష్ చేసినా పోకుండా ఉంటే కొవ్వు అరగడం లేదని అర్థం. సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పమనండి మీ తమ్ముణ్ని. మగవాళ్లు అది చెప్పరు.

గోదారి_గట్టు
@అమ్మమ్మ_వంటిల్లు అత్తయ్యా, మీరు చెప్పిందంతా అమ్మకి చదివి వినిపించా, కాగితం మీద రాయించుకుంది. మీరు చెప్పిన ఆ లక్షణం ఉందట వాడికి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. క్యాప్సూళ్లు రాశారు కానీ వాడు పరగడుపున ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి వేసుకుంటున్నాడు.

ఫార్మసీ_పద్మ
అయ్యో, అలా కాదు! ఎంజైము క్యాప్సూలు తిండితోనే వెళ్లాలి. మొదటి ముద్దతో ఒకటి, ఎక్కువ రాసి ఉంటే భోజనం మధ్యలో ఇంకొకటి. పరగడుపున వేస్తే అరిగించడానికి అక్కడేం ఉంటుంది? నమలకూడదు, లోపలి గుళికల మీద పూత ఉంటుంది, ఆమ్లం తగిలి పాడవకుండా. మింగలేకపోతే విప్పి గుళికల్ని మెత్తటి యాపిల్ గుజ్జులో కలిపి నమలకుండా మింగొచ్చు, వేడి జావలో పోయొద్దు. మామూలుగా భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్‌తో మొదలుపెడతారు, చిరుతిండికి అందులో సగం. ఆయనకి ఎంత రాశారో చూసి డాక్టర్ని అడగండి. 10,000 యూనిట్ల క్యాప్సూలు రోజుకి రెండు అయితే అది ఏ మూలకీ రాదు.

సత్తెనపల్లి_శాకాహారి
ఆ క్యాప్సూలు పందిది అని మీలో ఎంతమందికి తెలుసు? మా నాన్నకి రాస్తే పెట్టె మీద చదివి పక్కన పెట్టేశాడు. మొక్కల నుంచి చేసింది ఏదైనా ఉందా? బొప్పాయి తింటే సరిపోదా?

ఫార్మసీ_పద్మ
నిజమే, పంది క్లోమం నుంచే తీస్తారు. బొప్పాయిలో ఉండేది మాంసకృత్తుల్ని అరిగించేది, కొవ్వు మీద పనిచేయదు. షాపులో దొరికే అరుగుదల సిరప్‌లలో ఉండే ఫంగల్ డయాస్టేజ్ పిండి పదార్థం కోసం. కావాల్సింది లైపేజ్. మందుగా ప్రమాణం ఉన్నది ప్రస్తుతం పందిదే. ముస్లిం రోగులు, శాకాహారులు ఇద్దరూ ఇదే అడుగుతారు. ప్రాణావసరానికి మందుగా తీసుకోవచ్చని చెప్పే మతపెద్దలు ఉన్నారు, నిర్ణయం మీ నాన్నగారిది. నాన్నకి చెప్పకుండా విప్పి అన్నంలో కలపడం మాత్రం చేయకండి, అలా చేసినవాళ్లు తెలుసు నాకు.

కడప_కారం
మా తాత అయితే "నెయ్యి మానేస్తా గానీ పంది తినను" అనేవాడు. రెండూ మానేసి చిక్కిపోయేవాడేమో.

నెల్లూరు_రొయ్య
ఇన్సులిన్ మొక్క సంగతి ఎవరూ చెప్పలేదే? మా వీధిలో ప్రతి ఇంటి ముందూ కుండీలో ఉంది. రోజుకో ఆకు నమిలితే క్లోమం మళ్లీ పుడుతుందంట.

సుధ_బీఏఎంఎస్
పుట్టదు. ఆ మొక్క ఆకు, కాకర రసం, పొడపత్రి, మెంతులు, నేరేడు గింజల పొడి, ఇవి చక్కెరని కొంత తగ్గించవచ్చు. మామూలు షుగరువాళ్లకి అదొక లెక్క. క్లోమం దెబ్బతిని వచ్చే షుగరు వేరు. చక్కెర పడిపోయినప్పుడు దాన్ని పైకి లేపే గ్లూకగాన్ కూడా అక్కడే తయారవ్వాలి, అదీ తగ్గిపోతుంది. ఇన్సులిన్ సూదితో పాటు కాకర రసం కూడా పోస్తే ఒక్కసారిగా పడిపోయి లేవలేకపోవచ్చు. కాకరకాయ కూర తినండి, రసం గ్లాసులు వద్దు.

టెక్సాస్_రాజు
ఆకుకూర జ్యూసులు కూడా. పచ్చి పాలకూర, తోటకూర మిక్సీలో కొట్టి తాగే ఫ్యాషన్ ఉందిగా. కొవ్వు అరగనివాళ్లకి పేగులో కాల్షియం ఆ కొవ్వుకే అతుక్కుపోతుంది. అప్పుడు ఆకులోని ఆక్సలేట్‌ని పట్టుకునే కాల్షియం ఉండదు, అదంతా రక్తంలోకెక్కి కిడ్నీలో పేరుకుంటుంది. క్లోమం జబ్బుకని మొదలుపెట్టి కిడ్నీ డాక్టరు దగ్గర తేలతారు. ఉడికించి, నీళ్లు వార్చి, కూరగా కొంచెం తింటే పర్వాలేదు.

వేపపుల్ల
అంటే చివరికి పనికొచ్చిన ఇంటి వైద్యం మజ్జిగ, జావ, పెసరకట్టు. నేను మొదటే మజ్జిగ అన్నాను, గమనించగలరు.

పాలమూరు_పోరడు
ఔ అన్నా, అండ్ల నేల ఉసిరి ముద్ద వేయమన్నవ్. అది తీసేసి తాగుతం తియ్యి 😄

గోదారి_గట్టు
అప్‌డేట్. హైదరాబాదులో క్లోమం జబ్బులు ప్రత్యేకంగా చూసే డాక్టరుకి చూపించాం. పెద్ద నాళంలోని రాయి 5 మిల్లీమీటర్లు దాటింది కాబట్టి ముందు బయటి నుంచి తరంగాలతో పొడి చేసి, తర్వాత నోటి ద్వారా గొట్టం పంపి ఆ పొడి తీసేస్తామన్నారు. కత్తి కోత లేదు. నాళం ఖాళీ అయితే నొప్పి తగ్గొచ్చన్నారు, జబ్బు మొత్తం పోతుందని మాత్రం చెప్పలేదు. క్యాప్సూలు డోసు పెంచారు, భోజనంతోనే వేసుకోమన్నారు. విటమిన్ డి తక్కువుంది, అదీ రాశారు. షుగరు ఇంకా రాలేదు, ఆర్నెల్లకోసారి చూపించమన్నారు.

ఏలేశ్వరం పసరు ప్రయాణం ఆగింది. అమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు, "రాయి తీశాక చూద్దాం" అంది.

మానేరు_వాగు
మంచిగైంది. తీసినంక గూడ చూడకుండ్రి.

కడప_కారం
తమ్ముడు పొగ తాగడు కదా? మా చిన్నాయన మందు మానేసినాడు గానీ చుట్ట మానలేదు, నొప్పి తిరగబెట్టింది. పొగ కూడా క్లోమాన్ని దెబ్బతీస్తాదని డాక్టరు అప్పుడు చెప్పినాడు.

గోదారి_గట్టు
తాగడన్నా. వాడి బాధల్లా ఒక్కటే, వచ్చే నెల మా అక్క కూతురి పెళ్లి, అక్కడ ఏం తినాలి అని. ఆవకాయ పూర్తిగా మానాలా అని రోజూ అడుగుతున్నాడు.

అమ్మమ్మ_వంటిల్లు
పెళ్లిలో అన్నం, పప్పు, చారు, పెరుగు. బూరె ఒకటి కొరికి పక్కన పెట్టమను, ఎవరూ తిట్టరు. క్యాప్సూలు జేబులో పెట్టుకుని పంక్తిలో కూర్చోవాలి, విస్తరి వేశాక పరిగెత్తకూడదు. ఆవకాయకి నూనె వంచేసి ముక్క ఒకటి కడిగి మజ్జిగన్నంలో నంజుకోమను. మా ఆయన అలాగే తింటున్నాడు, తిడుతూ.